పనీరు మీద ఫినాయిలు

బిలాస్‌పూర్

అప్పా, మేమంతా కులాసాయే. ఫోన్లో చెప్తే ఏడుపొచ్చేస్తాదని కార్డు రాస్తున్నాను. నేను వండే తార్‌బహార్ క్యాంటీన్లో సోమవారం ఫ్రిజ్ పాడైంది. చూసుకోకుండా హాస్టలుకి పనీరు కూర పంపేశాను. తర్వాత మిగతా పనీరు వాసన చూస్తే పులిసిపోయుంది. వెంటనే ఫోన్ చేసి తినొద్దన్నాను గానీ, అప్పటికే ఇద్దరాడపిల్లలు తినేశారు. "మిగిలింది మసాలా దట్టించి వండెయ్, ఏటీ అవదు," అన్నాడు క్యాంటీన్ నడిపే ఠేకేదారు. దానిమీద ఫినాయిలు పోసేశాను. పనిలోంచి తీసేశాడు. ఆ పిల్లలిద్దరికీ రోజూ ఆసుపత్రికి గంజి పట్టుకెళ్తున్నాను. పెద్దపిల్ల తాగింది. చిన్నది ఇంకా లేవలేదు.

అమ్మకి చెప్పకు. నీ మోకాలు నొప్పెలాగుంది? ఎవరైనా వస్తే చింతపండు పంపు. బావకి నమస్కారాలు. పైడితల్లమ్మ దగ్గర ఆ చిన్నదాని పేరున దీపం పెట్టు. దాని పేరు ఫూల్‌మతి.

నీ చెల్లి
రజిని