రెండుసార్లు మూసిన ఫైలు

బాపట్ల,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు రాఘవకు అక్క దీవెనలు.

నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొన్న ఫోన్లో నువ్వన్న మాట ముందు దిద్దాలి. "నీ మనవరాలు రాసేదానికన్నా కొట్టేసేదే ఎక్కువ, అదేం ఉద్యోగం?" అన్నావు. కొట్టేయడమే శిరీష పనిరా. రాయడానికేం, ఎవడైనా రాస్తాడు.

తెనాలి నుంచి బాపట్లలో శిరీష దగ్గరికి రావడాన్ని వలస అంటే నవ్వుతావు గానీ, డెబ్బై మూడేళ్ళకి మంచం మారినా వలసే. ఈ సముద్రపు గాలికి అప్పడాలు పొద్దున వేయిస్తే మధ్యాహ్నానికి మెత్తబడుతున్నాయి. సూర్యలంక నుంచి వచ్చే చేపలావిడ "తినకపోతే మానె, చూడండి మామ్మగారూ" అంటుంది. పోట్లాడటానికి నువ్వు లేని వెలితి తప్ప బాగానే ఉన్నాను. బెంగపడకు.

అసలు సంగతి విను. కంప్యూటర్లో ఇంటర్నెట్ తీగ గుచ్చే కార్డు లోపల ఫర్మ్‌వేర్ అని చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అప్పుడప్పుడూ దాన్ని మార్చాలి. ఒక్కో కంపెనీ కార్డుకు ఒక్కో డ్రైవర్, అంటే కార్డుకూ కంప్యూటర్‌కూ మధ్య దుబాసీ. ఇన్నాళ్ళూ ప్రతి డ్రైవరూ ఆ కొత్త ప్రోగ్రాం ఉన్న ఫైలును తనే తెరిచి, కార్డుకిచ్చి, తనే మూసేది. రేపల్లె స్కూల్లో నేను హెడ్మిస్ట్రెస్‌ని కాకముందు ప్రశ్నపత్రాల కట్టలు ఏ గదిలో వాళ్ళు ఆ గదిలో విప్పేవాళ్ళు చూడు, అలాగ. నేనొచ్చాక నా గదిలోనే విప్పించాను. శిరీష చేసిందీ అదే. తెరవడం, మూయడం అన్నిటికీ ఉమ్మడిగా ఉండే కోర్‌లో ఒక్కసారి రాసి, డ్రైవర్లన్నిట్లోనూ ఆ వరుసలు కొట్టేసింది.

మార్పులు సరిచూసి తీసుకునేవాళ్ళకి పంపితే తిరిగొచ్చింది. వాళ్ళలో పరీక్షించినాయన కంప్యూటర్ ఆగిపోయిందట. "శుక్రవారంలోగా తేలకపోతే పాతదే ఉంచేద్దాం" అన్నాడు మేనేజరు. మూడు నెలల కష్టం. ఆయన కార్డు డ్రైవర్‌ను పిల్ల పదిసార్లు చదివింది, దొరకలేదు. తిండి మానేసింది.

"దాన్నీ, ఇంకోదాన్నీ పక్కపక్కన పెట్టవే" అన్నాను.

"నీకేంటి అర్థమయ్యేది అమ్మమ్మా?"

"అర్థం నాకెందుకు? ముప్పై ఏళ్ళు పరీక్షల్లో కాపీలు పట్టినదాన్ని."

కొట్టేసిన వరుసలు ఎర్రగా కనిపిస్తాయి. ఒకదాంట్లో రెండు ఎరుపులు, తెరిచేదీ మూసేదీ. ఆయన కార్డుదాంట్లో తెరిచేది ఒక్కటే.

"దీని మూసే వరుస ఏదే?" అన్నాను.

అది కిందికి, ఇంకా కిందికి జరిపి, "అయ్యో అమ్మమ్మా!" అంది. ఆ డ్రైవర్ రాసినవాడు ఇంకోదాన్ని చూసి కాపీ కొట్టి, తెలివి చూపించి, మూసే వరుసను అట్టడుగున వేరే పేరుతో దాచాడు. మా ఆఖరి బెంచీవాళ్ళే నయం. కోర్ మూసేసిన ఫైలునే ఆ డ్రైవర్ మళ్ళీ మూయబోయి కంప్యూటర్‌ను పడగొడుతోంది.

ఆ వరుస కూడా కొట్టేసి పంపింది. నిన్న జవాబొచ్చింది, తీసుకున్నారు! పిల్ల మారు అన్నం పెట్టించుకుంది. అది చూసి నేనూ ఊపిరి పీల్చుకున్నాను. ఇకమీదట ప్రతిదీ పంపేముందు నాకు చూపిస్తుందట. ఈ వయసులో మళ్ళీ పేపర్లు దిద్దడం!

పిన్నికి నా నమస్కారాలు చెప్పి, పిల్లను దీవించమను. మరదలికి ఆశీస్సులు.

ఇట్లు,
నిన్ను కేకలేసే హక్కు వదులుకోని
అక్క సుభద్ర

అన్నట్టు, ఆ తెర మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. అక్కడ తెనాలిలో నా గదిలో బీరువా పై అరలో నల్ల ఫ్రేము కళ్ళజోడు ఉంది. కుడి కాడ వదులైంది. షాపులో మర బిగించి, గట్టి డబ్బాలో పెట్టి, వచ్చే ఆదివారం పాసింజర్లో నువ్వే పట్టుకురా. చొక్కా జేబులో మాత్రం పెట్టకు.