సోల్‌రూన్ రైలెక్కే విషయమై

గ్రావిక్ గ్రామం,
సెప్టెంబరు నెలాఖరు.

తూర్పు జిల్లా ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా చెల్లెలు సోల్‌రూన్ మొదటిసారి విదేశం వెళ్ళుటకు ఆరోగ్యరీత్యా తగదని తమరు ఇచ్చిన ఉత్తర్వును మరల పరిశీలించవలసినదిగా కోరుట గురించి.

గ్రావిక్‌లో గొర్రెలు పెంచుకొని బ్రతుకు ఏవిందుర్ కెటిల్‌సన్ వ్రాసుకొను విన్నపము.

1. సదరు సోల్‌రూన్ డౌన్ సిండ్రోమ్‌తో, గుండెలో రంధ్రంతో పుట్టినది. వయస్సు నలభై తొమ్మిది. మా అమ్మ పోయిన నాటి నుండి నా వద్దనే ఉన్నది. ఊరి ఈతకొలను వద్ద తువ్వాళ్ళు అందించు ఉద్యోగము చేయుచున్నది. ఇంతవరకు సముద్రం దాటలేదు. మన ఐస్‌లాండ్‌లో ఎక్కడా రైలు లేదన్నది తమకు తెలియనిది కాదు. ఆమెకు రైలెక్కవలెనని కోరిక. ఓడలో డెన్మార్క్ చేరి, రేవు నుండి పక్క ఊరికి రైలులో పోయి, తిరిగి రైలులోనే రేవుకు వచ్చి, అదే ఓడలో ఇంటికి రావలెను. ప్రయాణం మొత్తం ఇంతే. ఇంకేమీ చూడనక్కరలేదని ఆమె ముందే చెప్పినది.

2. ప్రయాణమునకు ముందు చేయవలసినవని మా నర్సు ఉన్నుర్ గారు చెప్పినవన్నీ చేయించితిని. పుచ్చిన పన్ను తీయించితిని. కాళ్ళు వాయకుండ బిగుతు మేజోళ్ళు కొంటిని. టీకాల వద్ద మాత్రము ఇబ్బంది కలిగినది. చిన్నప్పటి ఆపరేషను నుండి ఆమెకు సూది అనిన ప్రాణభయము. కుర్చీలో నుండి లేచి పోయి మా కారులో కూర్చుండి తలుపు వేసుకొన్నది. ఉన్నుర్ గారు వెంట వచ్చిరి.

"సోల్‌రూనూ, రైల్లో టిక్కెట్టు చూసేవాళ్ళు అడుగుతారే, సూది వేయించుకున్నావా అని!"

"అబద్ధం. వాళ్ళు టిక్కెట్టే అడుగుతారు."

"సరే, అబద్ధమే. మరి ఆ రోజుకి జ్వరం తగులుకుంటే ఎలా ఎక్కుతావ్?"

ఆమె కారు అద్దము దించి, చేయి ఒక్కటి బయట పెట్టినది. సూది అక్కడనే, వానలో, వేయబడినది. వేయుచున్నంతసేపు మా గొర్రెల పేర్లన్నీ ఎలుగెత్తి అరచినది.

ఓడ మెట్లు ఎక్కుట అలవాటు కావలెనని వేసవి అంతయు ఈతకొలను మెట్లు ఎక్కి దిగినది. వేడినీళ్ళ తొట్టిలో కూర్చున్న ముసలివారు "ఇంకొక్క మెట్టు! ఓడ కదిలిపోతోంది!" అని కేకలు వేసెడివారు. "కదలదు, కెప్టెనుకి నేను చెప్పా" అని ఆయాసపడుతూ జవాబిచ్చెడిది.

3. ఆ ఆయాసము చూచియే ఉన్నుర్ గారు మమ్ములను రేక్యావిక్ పెద్దాసుపత్రికి పంపిరి. గుండె వైద్యుడు గారు పరీక్ష ఆమెకు చేసిరి. ప్రశ్నలు మాత్రము నన్ను అడిగిరి.

"పడుకున్నప్పుడు ఆమెకి ఊపిరాడటం కష్టంగా ఉంటుందా?"

"నన్నడగండి. నేను పడుకున్నప్పుడు అక్కడ ఉండేది నేనే," అన్నది సోల్‌రూన్.

ఆయన నవ్వి, మరల నా వైపే తిరిగి, గొంతు తగ్గించి చెప్పిరి. "గుండె బాగా అలిసిపోయిందండీ. ఆపరేషన్ తట్టుకోలేదు. విమానం మాత్రం వద్దు. ఈ చలికాలం గడిస్తే గొప్పే."

గొంతు తగ్గించినంత మాత్రాన ఆమెకు వినబడకపోలేదు. తిరుగు దారిలో ఎండు చేపకు వెన్న రాసుకొని తింటూ, కిటికీలో నుండి చూస్తూ అడిగినది.

"అన్నయ్యా, చలికాలం గడిస్తే అన్నాడు కదా. నేను పోయేది మంచు పడకముందా, పడ్డాకా?"

నేను కారు పక్కకు తీసి ఆపితిని. ఈ పేరాలో ఇంతకు మించి వ్రాయుట నా వల్ల కాదు.

4. వైద్యుడు గారు వద్దన్నది విమానము. ఓడ సంగతి నేను ప్రత్యేకించి ఫోను చేసి అడిగితిని. "ఓడయితే ఆమె ఇష్టం" అనిరి. తమ ఉత్తర్వులో మాత్రము అసలు ప్రయాణమునకే తగదని, దారిలో గుండె వైద్యుడు అందుబాటులో ఉండడని ఉన్నది. తమ చీటీ లేనిదే ఓడవారు చోటు ఇవ్వరు.

మనవి ఏమనగా, కిందటి చలికాలము కొండదారి మూసుకుపోయి, గ్రావిక్‌కు వారం పాటు వైద్యుడు లేడు, మందు లేదు, పాలు కూడ లేవు. ఆ వారంలోనే ఆమె పెదవులు నీలమెక్కినవి. నేను పాదాలు రుద్దుతూ కూర్చుంటిని. వైద్యుడు అందని చోట ఈమె ఉండరాదని అప్పుడు ఏ కార్యాలయమూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఇంట్లో చచ్చిపోవడానికి అక్కరలేని అనుమతి, రైలెక్కడానికి ఎందుకు కావాలి? కోపంతో వ్రాసిన ఈ వాక్యము కొట్టివేయవలెనని అనుకొంటిని. ఉంచుచున్నాను.

5. ఈ ఏటికి మాకు మిగిలినది వచ్చే గురువారం ఓడ. తిరుగు ప్రయాణములో మమ్ములను దింపిన పిమ్మట చలికాలమంతా అది మా తీరమునకు రాదు. తమ కార్యాలయమునకు ఫోను చేసితిని. "వసంతంలో చూద్దాం లెండి, అంత తొందరేముంది?" అని ఒక అమ్మాయి మర్యాదగానే అన్నది. సోల్‌రూన్ పక్కనే ఉండి బిగుతు మేజోళ్ళు తొడుగుకొనుట సాధన చేయుచున్నందున తొందర ఏమిటో చెప్పక ఫోను పెట్టివేసితిని.

కావున, అన్న బాధ్యతపై ఓడ ఎక్కవచ్చునని ఒక్క వాక్యము వ్రాసి ఇప్పించవలెను. సంతకము నేను చేసెదను. ఆమె కూడ చేయును, ఆమెకు తన పేరు వ్రాయుట వచ్చును.

కాదనదలచినచో, ఆ మాట తమరే స్వయముగా గ్రావిక్ వచ్చి ఆమెతో చెప్పవలెను. మధ్యాహ్నము నుండి ఈతకొలను వద్ద ఉండును. అమ్మ పోయిన సంగతి ఆమెకు నేనే చెప్పాను. మా కుక్క పోయిన సంగతీ నేనే చెప్పాను. ఇది నా నోట రాదు.

గురువారము దాటిన దయ మాకు ఉపయోగపడదు గనుక, అంతకు ముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఏవిందుర్ కెటిల్‌సన్

తా.క. కవరు అంటించబోతుంటే సోల్‌రూన్ వచ్చి, "నా గురించేగా, చదువు" అంది. చదివాను. డాక్టరు గొంతు తగ్గించి చెప్పిన చోటు దాటేయబోతే, "అదీ చదువు. అప్పుడు నేనూ ఉన్నాగా" అంది. అదీ చదివాను. అంతా విని అంది:

"ఆ ఆఫీసరు గారిని రమ్మనకు అన్నయ్యా."

"ఏం?"

"పాపం, నా మొహం చూసి చెప్పాలంటే ఆయనకి కష్టం. నీకూ కష్టమే. కాగితం వస్తే నాకే ఇవ్వు. నేను కూడబలుక్కుని చదువుకుంటా. తర్వాత మెల్లిగా నీకు చెప్తా."

కనుక అయ్యా, తమరు రానక్కరలేదు. జవాబు ఏదైనా సరే, పెద్ద అక్షరాలతో రాయించండి. కవరు మీద ఆమె పేరు వేయండి.