మెడికేర్ వాళ్ళు మళ్ళీ అడగలేదు

సెయింట్ పాల్,
జూలై 7, 1997

గౌరవనీయులైన ఆర్విడ్ హౌగెన్ గారికి,

నమస్కారం. రాష్ట్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైన వాళ్ళ ఆరోగ్య బీమా చూసే ఆఫీసు నుంచి రాస్తున్నాను. మీరు రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడిపి రిటైరయ్యారనీ, జూన్‌లో అరవై అయిదు నిండాయనీ మా కాగితాల్లో ఉంది. ఆలస్యంగానైనా పుట్టినరోజు శుభాకాంక్షలు.

విషయం ఏమిటంటే, అరవై అయిదు దాటాక మీ ఖర్చులో పెద్ద భాగం ముందు కేంద్ర ప్రభుత్వం వారి మెడికేర్ బీమా ఇస్తుంది. మిగిలిన కొసరు మేం ఇస్తాం. మెడికేర్‌లో ఎ భాగం ఆసుపత్రికి, బి భాగం డాక్టర్లకు. మీరు బి భాగం వద్దన్నట్టు మాకు తెలిసింది. అలా అయితే డాక్టర్ల ఖర్చులో మెడికేర్ ఇవ్వాల్సిన వాటా మేం ఇవ్వం. అది మీ నెత్తినే పడుతుంది.

నిజంగానే వద్దన్నారా? మనసు మార్చుకోవడానికి సెప్టెంబరు ఆఖరు దాకా టైముంది. ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
రోసలిండ్ ఫెరాంటే

తా.క.: నేను న్యూజెర్సీ నుంచి కొత్తగా వచ్చినదాన్ని. మీ ఊరి పేరు తప్పుగా రాసి ఉంటే క్షమించండి.


లిటిల్ పైక్ లేక్,
జూలై 16

రోసలిండ్ ఫెరాంటే గారికి,

ఇక్కడ మేం క్షేమం. దోమలు మాకంటే క్షేమం. ఊరి పేరు సరిగ్గానే రాశారు.

మా గురించి ఇంత శ్రద్ధ తీసుకున్నందుకు చాలా సంతోషం. మెడికేర్ వాళ్ళు మార్చిలోనే కార్డు పంపారు. బి భాగం వద్దనుకుంటే తిప్పి పంపమన్నారు. ఇస్తామనగానే ఎగబడి పుచ్చుకోవడం ఏం బాగుంటుంది చెప్పండి? "మీకెందుకండీ శ్రమ, మాకు పరవాలేదు" అని చిన్న చీటీ జతచేసి పంపేశాను. మర్యాదగానే రాశాను, మార్నా కూడా చదివింది. మార్నా నా భార్య.

తరవాత వాళ్ళ నుంచి ఉలుకూ పలుకూ లేదు. దేశమంతటికీ పంపాలి కదా, తీరిక ఉండదు. ఇప్పుడు మీరూ అడుగుతున్నారు. అబ్బే, వద్దండీ. నాకంటే అవసరమున్న వాళ్ళుంటారు, ముందు వాళ్ళ సంగతి చూడండి.

ఇట్లు,
ఆర్విడ్ హౌగెన్

తా.క.: సరస్సు దగ్గర్నుంచి ఇంటికి ఎక్కేటప్పుడు మధ్యలో ఆగాల్సి వస్తోంది. డాక్టరు గుండె చప్పుడు విని మొహం ఒకలా పెట్టాడు. మరీ అంత ఘోరంగా ఏం లేదు లెండి.


సెయింట్ పాల్,
జూలై 28

హౌగెన్ గారికి,

మీ జవాబు అందింది. ఇంత స్పష్టంగా చెప్పేవాళ్ళు ఈ రాష్ట్రంలో నాకింతవరకూ తగల్లేదు. మీరు కోరినట్టే మీ ఫైలులో "బి భాగం వద్దన్నారు, మెడికేర్‌తో కలిపి రెండుసార్లు అడిగాం" అని రాసి పెట్టాను. ఇక మిమ్మల్ని విసిగించను.

గుండె సంగతి ఘోరంగా ఏం లేదన్నారు, మనసు కుదుటపడింది. దరఖాస్తులు నింపడంలో సాయం కావాలంటే మాత్రం చెప్పండి.

ఇట్లు,
రోసలిండ్ ఫెరాంటే

తా.క.: అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ అడిగితే పెడుతుంది గానీ, ఒకసారి వద్దన్నామా, ఆ పళ్ళెం మా అన్నయ్య ముందుకు వెళ్ళిపోతుంది. అందుకే మా ఇంట్లో అందరం నోరున్నవాళ్ళమే.


లిటిల్ పైక్ లేక్,
సెప్టెంబరు 3

రోసలిండ్ గారికి,

ఉభయకుశలోపరి. కుశలం అని అలవాటు కొద్దీ రాశాను.

డలూత్‌లో పెద్ద డాక్టరుకి చూపించుకున్నాం. గుండెలో ఒక కవాటం బిరుసెక్కి సరిగ్గా తెరుచుకోవడం లేదట. క్రిస్మస్ లోపల మార్చకపోతే వసంతం సంగతి తను చెప్పలేనన్నాడు. కుర్రవాడు, అరిజోనా నుంచి వచ్చాడట. మంచు ఎరగని మనిషి. "ఆపరేషన్ చేయించుకుంటారా?" అన్నాడు. "నా కోసం మీకెందుకండీ అంత శ్రమ" అన్నాను. ఏదో రాసుకుని, చెయ్యి కలిపి, గదిలోంచి వెళ్ళిపోయాడు! వస్తాడు కదా అని మేమిద్దరం కోట్లు తొడుక్కుని కూర్చునే ఉన్నాం. చివరికి గది తుడిచే ఆవిడ వచ్చింది.

మెడికేర్ నుంచి ఇంకా ఏమీ రాలేదు. మీరు సాయం చేస్తానన్నందుకు కృతజ్ఞతలు. వద్దండీ, మీకు బోలెడు పనులుంటాయి.

దారి పొడుగునా మార్నా సంచి ఒళ్ళోంచి దించలేదు.

ఇట్లు,
ఆర్విడ్ హౌగెన్

తా.క.: మార్నా ఈ మాట రాయమంటోంది. మా చర్చి కింద గదిలో ఎంత పిసినారి ఆడమనిషైనా కాఫీ కూజా పట్టుకుని మూడుసార్లు తిరుగుతుంది. ఇంత పెద్ద ప్రభుత్వం ఒక్కసారికే మానుకుంటుందని మేం అనుకోలేదు.


సెయింట్ పాల్,
సెప్టెంబరు 10

హౌగెన్ గారూ,

మీ ఉత్తరం చదివి ఏమీ పాలుపోక, పక్క బల్ల బెర్నీస్‌కి వినిపించాను. ఆవిడ మీ వైపు మనిషే. తా.క. దాకా రాగానే తల పట్టుకుంది.

"ఓసి పిచ్చిదానా, ఆయన వద్దనలేదే!"

"వద్దనే రాశాడుగా! ఫైలులో కూడా పెట్టాను."

"అది మొహమాటం. మొదటిసారి వద్దంటారు, రెండోసారీ వద్దంటారు, మూడోసారి పుచ్చుకుంటారు. మెడికేర్ ఒకసారి, నువ్వొకసారి అడిగి ఊరుకున్నారు. పాపం, పెద్దాయన అక్కడ కప్పు పట్టుకుని కూర్చున్నాడు!"

హౌగెన్ గారూ, మెడికేర్ మీ చర్చి ఆడవాళ్ళలాంటిది కాదు. కూజా పట్టుకుని మళ్ళీ రాదు. ఈ నెలాఖరులోగా మీరు చేరితే డిసెంబరు నుంచి డాక్టర్ల ఖర్చుకి అండ ఉంటుంది. నెల దాటితే జనవరిలో చేరాలి, అది వచ్చే జూలైకి గానీ మొదలవదు. మీ గుండె జూలై దాకా మర్యాదలు పాటిస్తుందా?

అందుకని నేనే అడుగుతున్నాను. ఈ ఉత్తరాన్ని మొదటిసారి కింద లెక్కేసుకోకండి, ఇది మూడోసారి. బి భాగం పుచ్చుకోండి. ఆపరేషన్ చేయించుకోండి. బతిమాలుకుంటున్నాను. దరఖాస్తు జతచేశాను. సంతకం చేసి, మీ దగ్గర్లో మెడికేర్ దరఖాస్తులు పుచ్చుకునే సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో స్వయంగా ఇవ్వండి. అరిజోనా డాక్టరుకి ఫోన్ చేసి "చేయించుకుంటాను" అని చెప్పండి. ఆ ఒక్క మాటే చెప్పండి, ముందూ వెనకా ఏమీ చేర్చకండి.

ఇట్లు,
కంగారులో ఉన్న
రోసలిండ్

తా.క.: మూడోసారి కూడా "సగం కప్పు చాలు" అనాలట, బెర్నీస్ చెప్పింది. బి భాగంలో సగం కప్పు ఉండదండీ.


లిటిల్ పైక్ లేక్,
సెప్టెంబరు 26

రోసలిండమ్మా,

నువ్వింతగా చెప్పాక కాదంటే మర్యాదగా ఉండదు. సంతకం పెట్టేశాను.

నిన్న ఆ ఆఫీసుకు వెళ్ళాం. కిటికీ దగ్గర అమ్మాయి దరఖాస్తు చూసి "అయితే మీకు బి భాగం కావాలన్నమాట" అంది. నా నోట్లోంచి "అబ్బే, మీకు..." దాకా వచ్చేసింది. మార్నా నా కాలు తొక్కింది. శీతాకాలం బూట్లతో తొక్కింది. "కావాలి" అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను, వరసలో వాళ్ళందరూ చూశారు.

డాక్టరుకి మార్నాయే ఫోన్ చేసింది. ఆపరేషన్ డిసెంబరు మొదటి వారంలో.

ముందు మెడికేర్, తరవాత మీరు అనే సంగతి ఇప్పుడు బోధపడింది. రోడ్డు మీద ముందు నేను పెద్ద బండితో మంచు తోసుకుపోయేవాణ్ణి. ఇంటి ముందు మిగిలిన గుట్టని ఇంటివాళ్ళు పారతో తీసుకునేవాళ్ళు. నేను రాకుండా పార పట్టుకుని ఏం లాభం? ఇన్నేళ్ళు బండి నడిపి ఆ మాత్రం తోచలేదు.

ఇట్లు,
ఆర్విడ్

తా.క.: కాలు ఇంకా నొప్పిగా ఉంది. దీనికి ముందు ఎవరిస్తారు, మెడికేరా, మీరా?


డలూత్,
డిసెంబరు 11

రోసలిండ్‌కి,

రాత చూసి కంగారు పడకమ్మా. ఆర్విడ్ ఇంకా కలం పట్టుకోలేడు, అందుకని నేను రాస్తున్నాను. ఆపరేషన్ బాగా జరిగింది. కొత్త కవాటం పనిచేస్తోంది. నిన్న నడవా చివరిదాకా ఆగకుండా నడిచాడు. ఆసుపత్రి వాళ్ళు ముందు మెడికేర్ కార్డు, తరవాత మీ కార్డు అడిగి రాసుకున్నారు, ఎవరూ మొహం చిట్లించలేదు.

ఆ అరిజోనా కుర్రవాడు మంచివాడే. కోటు మాత్రం పల్చటిది తొడుక్కుంటున్నాడు. కొత్తది పంపుతానంటే ఒక్కసారికే సరేనన్నాడు. ఏం చేస్తాం, పంపాలి.

నువ్వు అడిగినంత గట్టిగా నేను అడగలేకపోయాను. వద్దు వద్దంటుంటే మర్యాద అనే అనుకున్నాను. అందులో భయం ఎంతుందో నాకూ తెలియలేదు. నీకు రుణపడి ఉన్నాం.

ఇట్లు,
మార్నా హౌగెన్

తా.క.: ఇది రాయనా వద్దా అని ఆలోచించాను. ఆపరేషన్ రోజు పొద్దున, ఆయన్ని లోపలికి తీసుకువెళ్ళడానికి ఇంకా కొంచెం టైముంది. "నన్ను ఉండమంటావా?" అని అడిగాను. మామూలుగా అయితే "ఎందుకు, వెళ్ళి కాఫీ తాగు" అంటాడు, నేను మళ్ళీ అడగాలి, మళ్ళీ వద్దంటాడు. ఆ వరస నాకు కొత్త కాదు గనక అప్పటికే సంచి భుజాన వేసుకుని నిలబడ్డాను. ఆయన నా చెయ్యి పట్టుకుని "ఉండు మార్నా. నాకు భయంగా ఉంది" అన్నాడు. మొదటిసారి అడిగినప్పుడే అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. సంచి కింద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.