సాసేజ్ తిన్నంతసేపు

ఒరే ఉర్హో,

బతికే ఉన్నాను, కంగారుపడకు. కుడిచెయ్యి లేవడం లేదు, ఎడమచేత్తో రాస్తున్నాను. ఈ వంకర అక్షరాలు చూసి నవ్వుతావేమో, నవ్వుకో, నీకు అలవాటేగా.

నిన్న టుర్కు ఆస్పత్రిలో నా మెదడు ఎంత ఆక్సిజన్ తింటోందో కొలిచారు. మూతికి ముసుగేసి ఏదో గాలి పీల్పించారు. ఆ గాలిని పక్క గదిలో అప్పటికప్పుడు తయారుచేస్తారట, రెండు నిమిషాల్లో సగం పస పోతుందట.

"కదలకండి, నవ్వకండి" అంది నర్సమ్మ.

"సగం మూతే నవ్వుతుంది తల్లీ, సగం కొలతే చెడుతుంది" అన్నాను.

తర్వాత డాక్టరు నా మెదడు బొమ్మ చూపించాడు. మెడలో రక్తనాళం పూడుకుపోయింది. అయినా ఎడమవైపు మెదడు, వచ్చే కాస్త రక్తంలోంచే ఆక్సిజన్ పీక్కుతింటోందట. ఆకలితో ఉంది గాని బతికుంది. అందుకే గురువారం ఆపరేషన్ చేసి రక్తానికి ఇంకో దారి పెడతారు. మధ్యలో బొటనవేలంత చోటు మాత్రం ఏమీ తీసుకోవడం లేదు.

"అది చచ్చిపోయింది. పడ్డాక ఎంతసేపటికి చూశారు మిమ్మల్ని?" అన్నాడు.

మన సౌనాలో, ఆ ఆవిరిస్నానం గదిలో నేను పడితే "చాల్లే అన్నయ్యా, పాత వేషం" అని నా మీద బకెట్ నీళ్లు కుమ్మరించి పోయావు కదా.

"మా తమ్ముడు సాసేజ్ కాల్చుకు తిన్నంతసేపు" అని చెప్పాను.

తప్పు సగం నాదేలే. అంతకుముందు మూడుసార్లు ఉత్తుత్తినే పడ్డాను.

పడవ ఒడ్డుకి లాగావా? వలలు ఆరేశావా? బుధవారంలోపు రా, నా కళ్లజోడు తే.

మరదల్ని అడిగానని చెప్పు. పిల్లలిద్దరికీ నా దీవెనలు. నేను నేర్పిన ఆ పడిపోయే ఆట మాత్రం వాళ్లచేత మాన్పించు.

నీ అన్న,
తైస్తో