నాలుగో పుస్తకం

1999 మార్చి 3, బుధవారం
కంటి ఆపరేషన్ మళ్ళీ వాయిదా. కిందటిసారి బీపీ, ఈసారి షుగర్. కుడి కంటి పొర ముదిరిపోయింది, ఎడమదీ అదే దారి. పోర్టులో క్రేన్ మీద కూర్చుని, ఓడలోకి జానెడు తేడా రాకుండా బరువు దింపినవాణ్ణి. పెళ్ళయిన నలభై ఏళ్ళకి సత్యవతి చేత చేప ముళ్ళు తీయించుకుని తింటున్నాను. సిగ్గుగా ఉంది.

మార్చి 8, సోమవారం
షుగర్ డాక్టరు — రోజూ గంట నడవాలి.

మార్చి 12, శుక్రవారం
ఎముకల డాక్టరు — మోకాళ్ళు అరిగాయి, నడక తగ్గించాలి. నొప్పికి పూతమందు రాశాడు.
"మరి షుగర్ డాక్టరుగారు నడవమన్నారండీ..."
"అది ఆయన్నే అడగండి."
ఆస్పత్రిలో ఒక్కో జబ్బుకి ఒక్కో రోజు, ఒక్కో పుస్తకం. కన్ను, షుగర్, ఎముకలు — మూడూ పట్టుకెళ్తే కౌంటర్లో కసురు — "ఇయన్నీ ఇక్కడెందుకు తాతా? ఇంటికాడ ఎట్టుకో."

మార్చి 15
షుగర్ దిగితేగానీ కంటికి కత్తి పెట్టరు. నడిస్తేగానీ అది దిగదు.
సాయంత్రం పోర్టు గేటు బయట బెంచీ. రిటైరైన వాళ్ళందరం అక్కడే. ఒకప్పుడు బీడీలు మార్చుకునేవాళ్ళం, ఇప్పుడు బిళ్లలు. పాతికేళ్ళు నాతో పనిచేసిన అప్పలరాజు తన మోకాళ్ళ బిళ్లల అట్ట నా జేబులో పెట్టాడు. "రెండు పూటలా ఏసుకో బావా. గుర్రంలా నడుత్తావ్." నా గ్యాస్ బిళ్లలు వాడికిచ్చాను.

మార్చి 29
నడుస్తున్నాను! షుగర్ దిగింది. అట్ట అయిపోయినప్పుడల్లా అప్పలరాజు ఇంకోటి ఇస్తున్నాడు. సత్యవతి సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది.

ఏప్రిల్ 9
కాళ్ళు వాచాయి. చెప్పులు పట్టడం లేదు. నడక ఎక్కువై ఉంటుందని సత్యవతితో అన్నాను.

ఏప్రిల్ 14, బుధవారం
ఆపరేషన్‌కి ముందు డాక్టరు పరీక్షలు చేశాడు. షుగర్ బాగుందట. బీపీ పెరిగిందట. కిడ్నీలు దెబ్బతింటున్నాయట.
"నొప్పి బిళ్లలేమైనా వాడుతున్నారా?"
లేదన్నాను. నిజం చెబితే కన్ను ముట్టుకోరని భయం. సత్యవతి నా జేబులో చెయ్యి పెట్టి అట్ట తీసి బల్ల మీద పడేసింది. "మరిదేటి?"
వాపు, బీపీ, కిడ్నీలు — అన్నీ ఆ బిళ్లల వల్లేనట. ఆపరేషన్ లేదు. కిడ్నీలకి వేరే పుస్తకం ఇచ్చారు. నాలుగోది.

ఏప్రిల్ 15
సత్యవతి అంది — "కళ్ళ కోసం కిడ్నీలు అమ్ముకున్నావ్." ఒళ్ళు మండింది.

ఏప్రిల్ 17
బెంచీ దగ్గరికి వెళ్ళాను. అప్పలరాజుకీ బీపీ ఉంది, మానెయ్యమని చెప్పాలి. వాడు చెప్పుల్లేకుండా కూర్చున్నాడు. వంగి తడిమి చూశాను — నా కాళ్ళకంటే వాపు.
"మానెయ్ రా. నాకు కిడ్నీలు పోతున్నాయంట."
"మానేత్తే మంచం మీంచి నెగనేను బావా. నువ్వొచ్చి నెగదీత్తావా?"
వాడి మీద కోపం, డాక్టర్ల మీద కోపం, నా మీద మరీను.

ఏప్రిల్ 20
బిళ్ల మానేసి ఆరు రోజులు. నడవలేదు. ఇవాళ పరీక్ష — షుగర్ మళ్ళీ పైకి.
అట్ట సత్యవతి పారేసింది, పోయిందనుకుంటోంది. చెత్తబుట్టలోంచి తీసి దిండు కింద పెట్టాను. తడిమి లెక్కపెట్టాను, నాలుగున్నాయి.
రేపు పొద్దున్న నడవాలి...