బుద్ధిగా నడిపిన నేరం

పైన్ హాలో, ఆలబామా

లాయరు గ్రేవ్స్ బాబుకు, రోస్కో వాళ్ల అమ్మమ్మ ఓలా మే దీవెనలు.

నా మనవణ్ణి రోడ్డుమీద ఆపి, డిక్కీలో పీచ్ పళ్ల సారా సీసాలు దొరికాయని కేసు పెట్టారు. మన జిల్లాలో సారా నిషేధమే, కాదనను. కానీ వాడు బండి తప్పుగా నడిపాడంటే మాత్రం ఊరుకోను. వాడు బడి బస్సు డ్రైవరు. శిక్ష పడితే ఆ ఉద్యోగం పోతుంది, వాడికి అదే లోకం. వాడెంత బుద్ధిగా నడుపుతాడో చెప్పడానికి చర్చివాళ్లందరినీ తీసుకొస్తాను.

ఇట్లు,
ఓలా మే

తా.క. సాక్ష్యం పాస్టరుగారితో మొదలవుతుంది. జడ్జిగారిని భోంచేసి రమ్మను.

*

పెద్దమ్మగారికి నమస్కారాలు.

తప్పుగా నడిపాడని ఎవరూ అనలేదండీ. పోలీసు రాసింది ఇదీ: "వేగం తక్కువ. రెండు చేతులూ స్టీరింగ్ మీదే. నా వైపు కన్నెత్తి చూడలేదు. మరీ పద్ధతిగా ఉన్నాడని అనుమానమొచ్చి ఆపాను." మీవాడి బుద్ధే కొంప ముంచింది.

విధేయుడు,
గ్రేవ్స్

తా.క. సీసాలు ఎవరివో నాకు చెప్పకండి.

*

నాయనా గ్రేవ్స్,

బుద్ధిగా నడపడమే నేరమని ముందే చెప్పొద్దూ? అందరిచేతా మాట మార్పించాను. వాడంత అడ్డదిడ్డంగా నడిపేవాడు జిల్లాలోనే లేడని ప్రమాణం చేస్తారు. మన చర్చిపెద్ద, డీకన్ హోరేస్, తన కంచె విరగ్గొట్టింది వాడేనంటాడు. నిజానికి విరగ్గొట్టింది డీకన్ భార్య. పాపం, ఆవిడకూ కలిసొచ్చింది.

నీ మేలు కోరే
ఓలా మే

తా.క. సీసాలు నావని చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పడం లేదు.

*

పెద్దమ్మగారూ,

మీకు దణ్ణం పెడతాను, ఎవరినీ తీసుకురాకండి. అడ్డదిడ్డంగా నడిపాడంటే ఆపడం న్యాయమే అయిపోతుంది, బస్సు ఉద్యోగమూ పోతుంది. ఏ తప్పూ లేకుండా ఆపడం చట్టవిరుద్ధం. అలా ఆపి పట్టుకున్న సీసాలు సాక్ష్యంగా చెల్లవు. ఆ పోలీసు రాసిన రాతే మనకు చాలు. మీరొచ్చి ఊరికే కూర్చోండి.

గ్రేవ్స్

తా.క. "నోరు మూసుకుని" అని రాయబోయి మానేశాను.

*

బాబూ,

నీ కడుపు చల్లగుండ. సీసాల మాటే ఎత్తొద్దని జడ్జిగారు కేసు కొట్టేశారు. రోస్కో మళ్లీ బస్సెక్కాడు. పిల్లలు వాణ్ణి దిగనివ్వలేదట.

ఒక్క మాట. వాడిది మంచి క్రమశిక్షణ అని కోర్టులో అన్నావు. కాదు నాయనా, అది భయం. నేనే నేర్పాను. వంటింట్లో కూర్చోబెట్టి, స్టీరింగ్ బదులు పళ్లెం పట్టించి, పోలీసు కనబడితే చేతులు కదపకు, కళ్లు తిప్పకు అన్నాను. నల్లపిల్లాణ్ణి ప్రాణాలతో ఇంటికి రప్పించుకోవడానికి నాకు తెలిసింది అదొక్కటే. మీ అమ్మ కూడా నీకు నేర్పే ఉంటుంది. అదే వాణ్ణి పట్టించిందని తెలిసి ఏడ్చాను.

కోర్టునుంచి వస్తుంటే వెనక పోలీసు బండి వచ్చింది. "భయపడకురా, నవ్వు, చెయ్యూపు" అన్నాను. వాడు నవ్వి చెయ్యూపాడు. వాళ్లు దాటి వెళ్లిపోయారు.

మీ అమ్మనడిగానని చెప్పు.
ఓలా మే

తా.క. చాలాదూరం వచ్చాక వాడు "ఇక దించు అమ్మమ్మా" అన్నాడు. చూసుకుంటే నా చేతులు రెండూ పైకెత్తి ఉన్నాయి.