వాగు అవతలి గొంతు

కాటారం,
12 సెప్టెంబర్ 2024, గురువారం.

గౌరవనీయులైన ఫరహత్ మేడం గారికి,

మీ దగ్గర కౌన్సెలింగ్ నేర్చుకున్న శిష్యురాలు సుమన నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ కులాసా అని రాద్దామనే కూర్చున్నాను కానీ, ఆ మాట నిజమో కాదో మీరే చెప్పాలి. మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందనీ, మానుకోటలో కొత్త బ్యాచ్‌కు శిక్షణ మొదలుపెట్టారనీ మా బ్యాచ్ జువేరియా చెప్పింది. సంతోషం.

కేసు సంగతులు ఫోన్లో రాసి పంపవద్దని మీరే నేర్పారు, అందుకే ఈ ఉత్తరం. ఇందులో ఎవరి అసలు పేరూ రాయలేదు. ఆమెను సరోజన అనుకోండి, వాళ్ళ అత్తను ఓదెమ్మ అనుకోండి.

పోయిన నెల మీ ముందు పెట్టిన కేసే ఇది. సరోజన భర్త ఎండాకాలంలో మోటరు దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు. వానలు పడి వాగు నిండాక, మధ్యాహ్నం పూట అవతలి ఒడ్డు నుంచి అతని గొంతు వినబడటం మొదలైంది. ఓదెమ్మ తాయెత్తు కట్టించింది. మా దవాఖాన డాక్టరు మాత్రలు రాశాడు. గొంతు మాత్రం ఆగలేదు. "సరోజా, ఇటు రా అని పిలుస్తడు మేడం. నాకేం బుగులు గాదు" అని, భయమేమీ లేనట్టు నాతో మామూలుగానే చెప్పింది.

ఆ గొంతు నిజమా అబద్ధమా అని వాదించవద్దనీ, అది విన్నప్పుడు ఆమెకు ఏం చేయాలనిపిస్తుందో అడగమనీ మీరు చెప్పారు. అడిగాను. "పోబుద్ధయితది" అంది. అలాంటి మాట వస్తే చుట్టూ తిరగకుండా సూటిగా అడగాలన్నారు కదా, చచ్చిపోవాలని ఉందా అని అడిగాను. నా వైపు చూసి, "సచ్చుడు గాదు. పోవుడు" అంది. ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న తేడా ఆమెకు బాగా తెలిసినట్టే ఉంది.

ఆమెను ఒంటరిగా వదలవద్దని ఆ రోజే ఓదెమ్మకు, డాక్టరుకు చెప్పాను. అయినా ఈ సోమవారం నడుము లోతు దాకా వాగులోకి దిగింది. ఓదెమ్మ కొంగు పట్టి గుంజుకొచ్చింది. ఇక వరంగల్ పెద్ద దవాఖానలో చేర్పించాలని డాక్టరు, పిల్లలిద్దరినీ తాము తీసుకుపోతామని మరిది వాళ్ళు. సరోజన నన్ను ఒకటే అడిగింది. "మీరొక్కసారి ఆడ నిలబడి ఇనుండ్రి. ఇనబడకుంటే ఏడికి రమ్మంటే ఆడికి వస్త." మీరు ఫోన్లో సరేనన్నాకే నిన్న పోయాను. తోడుగా ఆశా వర్కర్ మమత వచ్చింది. మమత సరోజన ఇంట్లో పిల్లల దగ్గర కూర్చుంది. ఓదెమ్మకు చెవులు సరిగా వినబడవు. వాగు దగ్గరికి పోయింది సరోజన, నేను ఇద్దరమే.

ఇంటి వెనుక పత్తి చేను, అది దాటితే వాగు. ఎర్ర నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. అవతల మనిషి ఎత్తు మక్కచేను. ఎక్కడా ఎవరూ లేరు. చాలాసేపు నిలబడ్డాం. గాలి మళ్ళింది. మక్క ఆకులన్నీ ఒక్కసారి మా వైపు వంగాయి.

అప్పుడు విన్నాను మేడం. మగ గొంతు. తొందర లేదు, కోపం లేదు. అన్నం వేళకు ఇంటి మనిషిని పిలిచినట్టే ఉంది. "సరోజా... ఇటు రా..."

సరోజన వాగు వైపు చూడలేదు. నా మొహం చూస్తోంది. "ఇనబడ్డది గదా" అంది. నేను చూస్తుండగా ఆమె నవ్వడం అదే మొదటిసారి. కాలికి చల్లగా తగిలి కిందికి చూసుకుంటే నా చెప్పు నీళ్ళలో ఉంది. ఎప్పుడు అడుగు వేశానో నాకు తెలియదు.

అబద్ధం చెప్పలేక తలూపాను. ఆమెను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి మమతకు అప్పగించాను. పోవాలనుకునే మనిషికి నేను సాక్షినైపోయానా? ఎదుటివాళ్ళ దుఃఖం ఒక్కోసారి మన చెవుల్లోకి కూడా దిగుతుందని మీరు అనేవారు, ఇది అదేనా? ఈ పనికి నేను తగనని మీకనిపిస్తే మొహమాటపడకండి, సరోజనను ఇంకొకరికి అప్పగించండి.

ఇట్లు,
మీ మాట కోసం ఎదురుచూసే
సుమన

తా.క.: శనివారం రాస్తున్నాను. ఉత్తరం పోస్టు చేయకముందే నిన్న మీరే ఫోన్ చేశారు. నాకూ వినబడిందని చెబితే మీరు భయపడలేదు, తిట్టలేదు. "ఇద్దరు ఇన్నరు, సరే. అవతలి ఒడ్డుకు ఎవరన్నా పోయి చూసిండ్రా?" అన్నారు. ఈ రోజు పొద్దున సరోజనను, మమతను ఆటోలో ఎక్కించుకుని వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోయాను.

ఆ మక్కచేను ఆమె భర్త దోస్తుది. అతన్ని లింగ్యా అనుకోండి. కోతులు, పందులు రాకుండా చేను నడుమ కర్రకు మైకు డబ్బా కట్టాడు. కుక్కల అరుపులు, డప్పు చప్పుడు, మనుషుల కేకలు మధ్యాహ్నం పూట అందులో తిరుగుతుంటాయి. ఊళ్ళో ఆ కేకలను ఎవరూ పట్టించుకోరు. "వానిది పెద్ద గొంతని నిరుడు వానితోనే అరిపిచ్చి రికార్డు చేసిన. మక్కలు కంకి పట్టినంక మల్ల పెట్టిన. వాగు దాటి ఇనబడతదనుకోలే. నాకైతే వాడు చేను కాడ ఉన్నట్టే ఉంటది" అని లింగ్యా తల వంచుకున్నాడు.

సరోజన మొత్తం వేయమంది. డబ్బా పక్కనే గట్టు మీద కూర్చుంది. కుక్కలు అయ్యాయి, డప్పు అయింది, కోతులను అదిలించే కేకలు అయ్యాయి. చివర అతని గొంతు మామూలుగా మాట్లాడింది.

"సరోజా, ఇటు రాకు. ఆడనే ఉండు."

రికార్డు చేసిన రోజు ఆమె సద్ది పట్టుకుని గట్టు మీద వస్తోందట. రికార్డులో చప్పుడు కలుస్తుందని అతను ఆపాడట. ఆ చివరి ముక్కను తీసేయాలని లింగ్యాకు తోచలేదు. ఇన్నాళ్ళూ గాలి సగం మాటే మోసుకొచ్చింది. ఆ సగమే నేనూ విన్నాను.

నేను వెళ్ళి సరోజన పక్కన కూర్చున్నాను, అంతే. ఆమె, "ఉండమన్నడు" అంది. తర్వాత ఏడ్చింది, అతను పోయాక ఇదే మొదటిసారట. మాత్రల సంగతి, వరంగల్ సంగతి సోమవారం డాక్టరు చూస్తానన్నాడు. అప్పటిదాకా మమత సరోజన వాళ్ళింట్లోనే పడుకుంటుంది.

బయలుదేరేటప్పుడు లింగ్యా డబ్బా విప్పబోయాడు. సరోజన వద్దంది. "ఉండనీ అన్న. మక్కలు ఇరిసేదాక కోతులు ఊకుంటయా?"